పేటెంట్ వద్దన్న బోస్

1901లో జగదీశ్ చంద్ర బోస్ లండన్‌లో ఉండగా ఒక వైర్‌లెస్ వ్యాపారి పేటెంట్ కాగితాలతో వచ్చాడు. లాభంలో సగం ఇస్తానన్నాడు. బోస్ ఒప్పుకోలేదు.

దాచుకోవాలనుకుంటే ఆయన దగ్గర సరుకు తక్కువేమీ లేదు. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఓ చిన్న గదిలో, స్థానిక పనివాడి సాయంతో సొంతంగా పరికరాలు చేయించుకున్నారు. 1895లో టౌన్‌హాల్‌లో కంటికి కనిపించని తరంగాలతో గంట మోగించి, మందుగుండు పేల్చి చూపారు. పాదరసంతో ఆ తరంగాలను పట్టే పద్ధతిని 1899లో రాయల్ సొసైటీకి వివరించారు. 1901 డిసెంబరులో అట్లాంటిక్ దాటి వచ్చిన సంకేతాన్ని మార్కోని విన్నదీ పాదరసపు పరికరంతోనే. దాని ఘనత ఎవరిదన్న వాదం నేటికీ తెగలేదు. ఈనాడు కంప్యూటర్ బయోస్‌కు బదులుగా కోర్‌బూట్ రాసేవారు కోడ్‌ను ఊరికే వదిలేయరు; తమ పేరూ, అందరి హక్కూ నిలిచేలా లైసెన్సు జోడిస్తారు. బోస్ కాలంలో ఆ మార్గం లేదు.

స్నేహితురాలు సారా బుల్ పట్టుబట్టడంతో 1904లో గెలీనా స్ఫటిక గ్రాహకానికి అమెరికా పేటెంట్ వచ్చింది. ఆయన దాన్నీ సొమ్ము చేసుకోలేదు. 1917లో కలకత్తాలో తాను స్థాపించిన పరిశోధనాలయంలోనూ పేటెంట్లు తీసుకోకూడదనే నియమం పెట్టారు.