గుండెపోటు నిర్ధారణకు బాట వేసిన డాక్టర్ జేమ్స్ హెరిక్

సుప్రసిద్ధ అమెరికన్ వైద్యుడు డాక్టర్ జేమ్స్ బ్రయాన్ హెరిక్ 1861 ఆగస్టు 11న ఇల్లినాయిస్ రాష్ట్రంలోని ఓక్ పార్క్‌లో జన్మించారు. తొలుత ఉపాధ్యాయునిగా పనిచేసి, 1888లో షికాగోలోని రష్ వైద్య కళాశాల నుండి పట్టభద్రులయ్యారు. అనంతరం అక్కడే ఆచార్యులుగా సేవలందించారు. కొడవలి ఆకారపు ఎర్ర రక్తకణాలతో కూడిన రక్తహీనతను 1910లో వైద్యలోకానికి పరిచయం చేసినవారు ఆయనే.

గుండెకు రక్తాన్ని అందించే ధమని హఠాత్తుగా మూసుకుపోతే మరణం తథ్యమని ఆనాటి వైద్యులు విశ్వసించేవారు. రోగి మరణించిన తరువాత శవపరీక్షలోనే వ్యాధి బయటపడేది. ఈ అభిప్రాయం సరికాదని హెరిక్ 1912లో ప్రకటించారు. రోగి జీవించి ఉండగానే లక్షణాలను బట్టి వ్యాధిని గుర్తించవచ్చునని, కొందరు కోలుకోగలరని, వారికి కొన్ని రోజులపాటు సంపూర్ణ విశ్రాంతి అవసరమని వివరించారు.

ఆ పరిశోధనా పత్రాన్ని సమకాలీనులు పెద్దగా పట్టించుకోలేదు. అయినా ఆయన నిరుత్సాహపడలేదు. సహచరుడు డాక్టర్ ఫ్రెడ్ స్మిత్ శునకాలపై జరిపిన ప్రయోగాలలో నమోదైన ఈసీజీ ఆధారాలతో 1918లో తన వాదనను మరల వినిపించారు. క్రమేణా వైద్యలోకం దానిని ఆమోదించింది.

డాక్టర్ హెరిక్ 1954 మార్చి 7న షికాగోలో కన్నుమూశారు. ఆయన సూచించిన సంపూర్ణ విశ్రాంతి స్థానంలో నేడు మూసుకుపోయిన ధమనిని సత్వరమే తెరిచే చికిత్సలు వచ్చాయి. అయితే సకాలంలో గుర్తిస్తే ప్రాణం నిలపవచ్చునన్న ఆయన బోధనయే వాటన్నింటికీ పునాది.