విప్పి చూసి నేర్చుకున్నవాడు: జి.డి. నాయుడు

కోయంబత్తూరులో అవినాశి రోడ్డు మీద పది కిలోమీటర్ల పైవంతెన 2025 అక్టోబరులో ప్రారంభమైంది. దానికి జి.డి. నాయుడు పేరు పెట్టారు. వీధుల పేర్లలోంచి కులసూచకాలు తీసేయాలని అంటున్న తమిళనాడు ప్రభుత్వమే ‘నాయుడు’ అన్న పేరు ఎలా పెట్టిందని వెంటనే గొడవ మొదలైంది. ఆ వాదోపవాదాల్లో అసలు మనిషి గురించిన మాట తక్కువే వినిపించింది.

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గరి కలంగల్‌లో పుట్టారు. తరాల కిందట అక్కడ స్థిరపడిన తెలుగు రైతు కుటుంబం. తల్లి చిన్నప్పుడే పోయింది. బడి ఒంటబట్టలేదు, చదువు ప్రాథమిక దశలోనే ఆగిపోయింది.

ఒక బ్రిటిష్ అధికారి తమ ఊరికి రడ్జ్ మోటారు సైకిల్ మీద రావడం ఆయన చూశారు. ఎద్దూ గుర్రమూ లేకుండా నడిచే బండిని చూడటం అదే మొదటిసారి. కొనడానికి డబ్బు లేదు. కోయంబత్తూరు వెళ్లి ఓ హోటల్లో సర్వర్‌గా చేరి, కొన్నేళ్లపాటు కూడబెట్టి చివరికి ఆ బండినే కొన్నారు. చేతికొచ్చాక ఎక్కి తిరగడంతో సరిపెట్టుకోలేదు. ముక్కముక్కగా విప్పి, మళ్లీ బిగించారు. నాయుడు గురించిన కథల్లో కాలంతోపాటు పెరిగినవి చాలానే ఉన్నాయి. ఈ మోటారు సైకిల్ కథ మాత్రం ఆ తర్వాతి జీవితంతో సరిగ్గా అతుకుతుంది.

తర్వాత పత్తి వ్యాపారం చేశారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో లాభాలొచ్చాయి, బొంబాయి వెళ్లాక పోయాయి. తిరిగొచ్చిన నాయుడికి కోయంబత్తూరు పారిశ్రామికవేత్త రాబర్ట్ స్టేన్స్ చేయూతనిచ్చారు. 1920లో ఒక బస్సు కొని, పొల్లాచ్చి నుంచి పళనికి తానే నడపడం మొదలుపెట్టారు. పళని కొండకు భక్తుల రాకపోకలుండే దారి కాబట్టి ప్రయాణికులకు కొదవ లేదు. బండి ఆగకుండా నడవడమే సమస్య.

ఆ కాలపు బండి అంటే ఏమిటో ఇప్పటి డ్రైవర్లకు ఊహకందదు. చాలావాటికి బ్రేకులు వెనక చక్రాలకే ఉండేవి. పెడల్ తొక్కితే ఆ బలం నూనె గొట్టాల్లోంచి కాదు, ఇనుప కడ్డీలూ తీగల ద్వారా చక్రానికి చేరేది. హైడ్రాలిక్ బ్రేకులో ఒత్తిడి రెండు వైపులకూ దానంతటదే సమానంగా అందుతుంది. కడ్డీల బ్రేకులో ఆ సమానత్వం మెకానిక్ చేతిలో ఉంటుంది. ఒక కడ్డీ రవ్వంత పొట్టిగా ఉంటే ఆ చక్రం ముందుగా పట్టేస్తుంది, బండి ఆ పక్కకు లాగుతుంది. సరిచేయాలంటే వెనక ఇరుసును జాకీతో ఎత్తి, చక్రాలను చేత్తో తిప్పుతూ, రెండూ ఒకేలా పట్టేదాకా నట్లు బిగిస్తూ వదులుతూ ఉండాలి.

లైనింగ్ అరిగితే డ్రమ్ములు ఊడదీయాలి. పాత రివెట్లు తీసి కొత్త లైనింగ్ వేయాలి. రివెట్ తలలు లైనింగ్ ఉపరితలం కంటే లోతుకు దిగకపోతే డ్రమ్ము గీసుకుపోతుంది. ఇరుసు గ్రీజు కారి లైనింగ్‌కు అంటితే ఎంత బిగించినా బ్రేకు పడదు. కారుతున్న చోటు ముందు ఆపాలి.

ఇక ఎద్దుబండ్ల గాడి పడ్డ రోడ్లకు కమాన్ పట్టీలు విరిగేవి. పట్టీల కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు వదులైతే మధ్య బోల్టు తెగి, ఇరుసే పక్కకు జరుగుతుంది. అప్పుడూ బండి ఒక పక్కకే లాగుతుంది! తప్పు బ్రేకుదా, కమానుదా అన్నది తేల్చకుండా నట్లు తిప్పితే మిగిలేది శ్రమే. చెన్నై నుంచో విశాఖ నుంచో ఓడలో వచ్చే విడిభాగం కోసం ఎదురుచూసే అండమాన్ బ్రూక్షాబాద్ తెలుగువారికి ఇదంతా విడమర్చి చెప్పనక్కర్లేదు. 1920ల పొల్లాచ్చికి అయితే విడిభాగం రావలసింది సముద్రాల అవతలి నుంచే. డ్రైవరే మెకానిక్, మెకానిక్కే కొలిమి దగ్గర కూర్చోవలసిన రోజులవి.

ఆ ఒక్క బస్సు యూనివర్సల్ మోటార్ సర్వీస్‌గా ఎదిగింది. 1930ల నాటికి దానికి రెండు వందలకు పైగా బస్సులున్నాయి. రిపేరు తెలిసిన చేతులు తయారీ వైపు మళ్లాయి. 1937లో పీలమేడులోని నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్‌లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి ఎలక్ట్రిక్ మోటారు తయారుచేశారు. దేశంలో తయారైన తొలి మోటారుగా దాన్ని చెబుతారు. బాలసుందరం తర్వాత టెక్స్‌టూల్ స్థాపించారు. మోటార్లకూ పంపులకూ కోయంబత్తూరు నేటికీ పేరున్న ఊరు. బ్యాటరీతో నడిచే ‘రసంత్’ రేజర్, పండ్ల రసం తీసే యంత్రం, కిరోసిన్ ఫ్యాన్, బొప్పాయి, పత్తి మొక్కలపై ప్రయోగాలు... జాబితా చాలా పెద్దది. 1936లో ఎన్నికల్లోనూ నిలబడ్డారు, ఓడిపోయారు.

బడి మానేసిన ఈ మనిషి 1945లో ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కళాశాలల ఏర్పాటుకు విరాళమిచ్చి, కళాశాలకు ప్రిన్సిపల్‌గానూ పనిచేశారు. నాలుగేళ్ల కోర్సు దండగ, రెండేళ్లు చాలన్నది ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఆయన తప్పుకున్నారు. ఈ వాదన సగమే నిజం. బ్రేకు సర్దడానికి నాలుగేళ్లు అక్కర్లేదు. కానీ డ్రమ్ము ఎంత వేడిని తట్టుకోవాలో లెక్కగట్టి కొత్త బ్రేకు రూపొందించేవాడికి గణితం, లోహశాస్త్రం కావాలి, వాటికి సమయం పడుతుంది. అయితే పానా పట్టకుండానే పట్టా అందుకునే చదువు గురించి ఆయన పడ్డ బాధ తీసిపారేయదగ్గది కాదు. ఆ కళాశాల ఇప్పుడు ప్రభుత్వ సాంకేతిక కళాశాల. కోర్సు నాలుగేళ్లే.

1952లో రెండు సీట్ల పెట్రోలు కారు తయారుచేశారు. ధర 2,000 రూపాయలు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు, కారు అక్కడే ఆగిపోయింది. దీన్ని లైసెన్స్ రాజ్ చంపేసిన కలగా చెప్పుకోవడం పరిపాటి. లైసెన్సు వచ్చి ఉంటే ఆ ధరకు వేలల్లో తయారయ్యేదా అన్నది వేరే ప్రశ్న. ఒక కారును చేత్తో చేయడం, అదే కారును వెయ్యిసార్లు ఒకేలా చేయడం ఒకటి కాదు. జవాబు తేల్చుకునే అవకాశమే ఆయనకు దక్కలేదు.

1967లో నాయుడు కోయంబత్తూరులో పారిశ్రామిక ప్రదర్శనశాల నెలకొల్పారు. 1974 జనవరి 4న, ఎనభయ్యేళ్ల వయసులో మరణించారు. ఆయన పేరు మీద అక్కడ ఇప్పుడు పాత కార్ల మ్యూజియం కూడా ఉంది.