శ్రీ చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారు

గ్రంథము కన్నులతో చదువదగినదని లోకము తలచును. కాని కన్నులు సహకరింపకున్నను, చెవులతో చదివి, నోటితో వ్రాసి, ఆంధ్రులకు పఠనాసక్తి కలిగించిన మహనీయులు చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారు.

వీరు 1867 సెప్టెంబరు 26వ తేదీన నాటి గోదావరి మండలమందలి ఖండవల్లి గ్రామమున జన్మించిరి. తల్లిదండ్రులు వెంకటరత్నమ్మ, వెంకన్నగార్లు. బాల్యము వీరవాసరమున గడచెను. చిన్నతనముననే రేచీకటి పట్టుకొనెను. దీపము ముందు కూర్చుండియు అక్షరము కానరాని ఆ బాలునకు తోడివారు పాఠము చదివి వినిపింపవలసి వచ్చెడిది. ఒకమారు విన్నది మరువకుండుట ఆనాడే అలవడెను. లోపమే ధారణకు మూలమయ్యెను.

విద్యకై రాజమహేంద్రవరము చేరి, పిమ్మట అచటనే ఉపాధ్యాయులై స్థిరపడిరి. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారి నాటకసమాజమునకై 1889లో కీచకవధ రచించిరి. అనంతరము వెలువడిన గయోపాఖ్యానము ఆంధ్రదేశమంతట ప్రదర్శింపబడి, లక్షకు పైగా ప్రతులు అమ్ముడువోయెను. చదువురాని పల్లెవారు సయితము అందలి పద్యములను విని, కంఠస్థము చేసి పాడుకొనిరి.

కందుకూరి వీరేశలింగము పంతులుగారి చింతామణి పత్రిక నవలారచనకు పోటీలు పెట్టి బహుమానములొసగెను. రామచంద్రవిజయముతో లక్ష్మీనరసింహము గారు బహుమానము గడించి, హేమలత, అహల్యాబాయి మున్నగు నవలలు రచించిరి. వారి గణపతి ఇంటింట నవ్వులు పూయించెను. చూపు క్రమముగా క్షీణించుటచే, చదివెడి కన్నులును వ్రాసెడి చేతులును ఇతరులవి కావలసి వచ్చెను. ఒకరు చదువగా వినుట, తాము చెప్పగా మరియొకరు వ్రాయుట, ఇదియే వారి సాహిత్యవ్యాసంగము. గ్రంథరచన ఏకాంతతపస్సనుకొనువారికి వారి జీవితము వేరొక త్రోవ చూపినది.

1907 ఏప్రిలులో బిపినచంద్రపాలుగారు రాజమహేంద్రవరమునకు విచ్చేసి ఆంగ్లమున ఉపన్యసించిరి. ఆంగ్లమెరుగని జనులకు ఆ వాక్కును తెనుగున అందించినవారు లక్ష్మీనరసింహము గారే. భారతదేశమును పాడియావుగా వర్ణించు వారి పద్యము నాటినుండి తెలుగువారి నాలుకలపై నిలిచెను. ఆ ఉత్సాహములో వందేమాతరముద్ర ధరించినందుకు ట్రైనింగు కాలేజీ నుండి వెడలింపబడిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారే తరువాత గ్రంథాలయోద్యమ నాయకులైరి. ఒక సభలో నాటిన విత్తు ఎంత దూరమున ఫలించునో ఎవరెరుగుదురు?

వాక్కుతో ఆగిపోక, 1909లో హరిజన బాలురకై పాఠశాల స్థాపించిరి. వారిని తాకుటయే దోషమని పెద్దలనుకొను ఆ దినములలో అది సామాన్య సాహసము గాదు. తాము అక్షరము చూడలేకున్నను, అక్షరము నిషేధింపబడినవారికి దానిని చూపింపవలెనని వారి తపన.

వార్ధక్యమున డెబ్బదియైదేండ్ల జీవితమును జ్ఞప్తియందుంచుకొని స్వీయచరిత్రము చెప్పి వ్రాయించిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదమిచ్చి గౌరవించెను. 1946 జూను 17వ తేదీన పరమపదించిరి.

గ్రంథాలయమందలి పుస్తకము చదువగలవానికి మాత్రమే చెందిన సొత్తు కాదు. అరుగుపై ఒకడు చదువగా పదుగురు వినినచో, ఆ పదుగురును పాఠకులే. చూపులేని ఒక కవి చుట్టునున్నవారు ఓపికతో చదివి వినిపించుటచేతనే తెనుగునకు ఇంత సాహిత్యము దక్కినది. చదువునేర్చిన ప్రతివారును ఇరుగుపొరుగున చదువలేని వృద్ధులకు దినమున కొక పుట చదివి వినిపించినచో, ఆ మహనీయుని స్మృతికి అంతకు మించిన అర్చన లేదు.