అలర్జీకి పేరు పెట్టిన పిల్లల డాక్టరు

ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రముఖుని జీవితం రాసిమ్మని కార్యదర్శి గారు కోరినప్పుడు నాకు తట్టిన పేరు క్లెమెన్స్ ఫాన్ పిర్కే. వైద్యులందరికీ తెలిసిన పేరే. మనకు ఆయన తెలియకపోయినా ఆయన పుట్టించిన మాట మన ఇళ్ళలో రోజూ వినబడేదే.

మా మనవడికి ఏడేళ్ళు. చలికాలం వస్తే అర్ధరాత్రి లేచి కూర్చుని, పిల్లికూతలతో ఊపిరాడక గిలగిలలాడేవాడు. ఇన్‌హేలర్ అలవాటైతే ఇక జన్మలో వదలదని అడ్డుపడింది నేనే. ఒక రాత్రి వాడి పెదవులు నీలం తిరిగితే ఆస్పత్రికి పరుగెత్తాం. ఆ తర్వాత నేను నోరెత్తలేదు. అలర్జీ స్పెషలిస్టు దగ్గరకు మాత్రం నేనే తీసుకెళ్ళాను. ఆయన వాడి ముంజేతి మీద వరసగా చుక్కలు వేసి, ఒక్కొక్క చుక్కలో సూదిమొనతో మెల్లగా గుచ్చారు. ఫలితం కోసం పావుగంట ఆగాలట. అలా కూర్చున్నప్పుడే పిర్కే గారి ప్రస్తావన తెచ్చారు. ఇంటికొచ్చి ఆయన గురించి దొరికిందల్లా చదివాను.

పిర్కే 1874లో వియన్నా దగ్గర ఒక జమీందారీ కుటుంబంలో పుట్టాడు. మొదట మతశాస్త్రం, తర్వాత తత్త్వశాస్త్రం చదివి, చివరకు వైద్యంలోకి వచ్చి 1900లో గ్రాట్స్‌లో పట్టా పుచ్చుకున్నాడు. ఆపైన వియన్నా పిల్లల ఆస్పత్రిలో ఎషెరిక్ అనే పెద్దాయన దగ్గర చేరాడు.

ఆ రోజుల్లో డిఫ్తీరియా వచ్చిన పిల్లలకు గుర్రం రక్తం నుంచి తీసిన సీరం ఇచ్చేవారు. ప్రాణం దక్కేది గాని, కొందరికి వారం పదిరోజులకు జ్వరం, దద్దుర్లు, కీళ్ళవాపు వచ్చేవి. పిర్కే, ఆయన సహచరుడు బేలా షిక్ సూది వేసిన రోజు, దద్దురు లేచిన రోజు లెక్కగట్టి చూశారు. మన రికార్డు సెక్షను వాళ్ళు మెచ్చుకునే పని! రెండోసారి సూది పడ్డ పిల్లల్లో ఈ బాధ చాలా తొందరగా, ఒక్కోసారి కొన్ని గంటల్లోనే కనబడింది. అంటే చెడ్డది సీరం ఒక్కటే కాదు, మొదటిసారికే ఒంటి తీరు మారిపోయింది. 1905లో ఇద్దరూ దీని మీద పుస్తకం రాశారు. మారిన ఆ తీరుకు 1906లో పిర్కే రెండు గ్రీకు మాటలు కలిపి అలర్జీ అని పేరు పెట్టాడు.

1907లో చర్మం మీద చిన్న గీత గీసి క్షయ సోకిందో లేదో తెలుసుకునే పరీక్ష కనిపెట్టాడు. మనమెరిగిన మాంటూ పరీక్ష దాని తర్వాతిదే. కొంతకాలం అమెరికాలో జాన్స్ హాప్కిన్స్‌లోనూ, తర్వాత బ్రెస్లావ్‌లోనూ ప్రొఫెసరుగా చేసి, 1911లో ఎషెరిక్ గతించాక ఆ స్థానంలోకే తిరిగి వచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఆస్ట్రియా పిల్లలు ఆకలితో మాడుతుంటే, అమెరికా సాయంతో నడిచిన భోజన కార్యక్రమానికి ముందు నిలిచాడు. ఏ బిడ్డకు ఎంత ఆహారం కావాలో పాలను కొలమానంగా పెట్టుకుని లెక్కలు వేశాడు.

ఇంతమంది బిడ్డలను కాచినవాడు 1929 ఫిబ్రవరిలో భార్యతో కలిసి స్వయంగా ప్రాణం తీసుకున్నాడు. ఇది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

మనవడి చేతి మీద పొంగింది ఇంటి దుమ్ములో ఉండే, కంటికి కనబడని పురుగు తాలూకు చుక్క. చుక్క పొంగినంత మాత్రాన జబ్బని కాదు, వాడి బాధతో సరిపోవాలి అన్నారు డాక్టరు గారు. సరిపోయింది. ఇన్‌హేలర్ మందు కొద్ది మోతాదులో నేరుగా ఊపిరితిత్తులకే చేరుతుందని, అదేమీ వ్యసనం కాదని ఓపిగ్గా చెప్పారు. ఇప్పుడు రోజూ దగ్గరుండి పీల్పిస్తున్నది నేనే. వాడి దుప్పట్లు, గలీబులు వారం వారం వేణ్ణీళ్ళలో ఉతుకుతున్నాం.

ముప్పై ఏళ్ళు పాత ఫైళ్ళ మధ్య తుమ్ముతూ ఉద్యోగం చేసి, పడిశం నా తత్త్వమని సరిపెట్టుకున్నవాణ్ణి. వచ్చే నెల మనవడితో పాటు నన్నూ చెయ్యి చాపమంది మా కోడలు. పరీక్షకు కొద్దిరోజుల ముందే జలుబు మాత్రలు ఆపాలట. అప్పుడే క్యాలెండరులో గుర్తు పెట్టింది.