కొలువు మారాకే ప్రతిభకు గుర్తింపు
భీమవరం, జనవరి 12: చేసిన పనికి గుర్తింపు లేకపోతే ఎంతటివారికైనా మనసు కష్టపడుతుంది. ఇంతకంటే మంచి చోట కొలువు దొరికితే బాగుండునని అనిపిస్తుంది. ఈ బాధను ఏళ్ల తరబడి అనుభవించిన వారిలో మన భీమవరంలో పుట్టిన వైద్య శాస్త్రవేత్త డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. 1895లో ఇదే రోజున ఆయన జన్మించారు.

ఆయన మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతుండగా గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించారు. శస్త్రచికిత్స బోధించే ఆంగ్లేయ ఆచార్యునికి అది నచ్చలేదు. ఫలితంగా సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు. అంతకన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. మద్రాసు ప్రభుత్వ వైద్య శాఖలో ఉద్యోగానికి ప్రయత్నించినా ఫలించలేదు. చివరకు ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించారు.

హార్వర్డులో చిన్న కొలువు

మామగారి సహాయంతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ఛారిటీస్ అండతో ఆయన అమెరికాలోని బోస్టన్ చేరారు. అక్కడ పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా పనిచేశారు. హార్వర్డు విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద పరిశోధనలో చేరారు.

రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని వీరిద్దరూ 1925లో ప్రకటించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా అది ప్రపంచమంతటా ప్రయోగశాలలకు చేరింది. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏటీపీని 1929లో వీరు కనుగొన్నారు. 1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ వచ్చింది. ఇన్ని చేసినా హార్వర్డు ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. పదిహేనేళ్లకు పైగా చిన్న పదవుల్లోనే నెట్టుకొచ్చారు.

ఎనిమిదేళ్లలో ఎన్నో మందులు

1940లో, నలభై ఐదేళ్ల వయసులో, ఆయన హార్వర్డును వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు. ఆ సంస్థ ఆయన చేతికి ప్రయోగశాలను, సిబ్బందిని అప్పగించింది. పరిశోధన విభాగానికి అధిపతిని చేసింది. ఆ తర్వాత ఆయన బతికింది ఎనిమిదేళ్లే.

ఆయన అన్నగారు స్ప్రూ అనే గ్రహణి జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బుకు పనికివచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో సుబ్బారావు బృందం ప్రయోగశాలలో తయారుచేసింది. దానికి ప్రతికూలంగా పనిచేసే మందులను కూడా రూపొందించింది. రక్త క్యాన్సరు సోకిన పిల్లలకు వాటిని తొలిసారి ఇచ్చి చూసినది బోస్టన్‌లోని డాక్టర్ సిడ్నీ ఫార్బర్. స్థిరమైన కొలువు ఇవ్వని ఊరికే ఆయన మందు చేరింది. ఆ కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ క్యాన్సరుకు, కీళ్లవాతానికి వాడుతున్నారు.

గోదావరి జిల్లాల వారికి బోదకాలు సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆ జబ్బుకు 1947లో వచ్చిన హెట్రజాన్ ఆయన బృందం కృషి ఫలితమే. ఊళ్లలో పంచిన డీఈసీ మాత్ర అదే.

తాను అధికారి అయ్యాక ఇతరుల ప్రతిభను ఆయన తొక్కిపెట్టలేదు. డెబ్బై ఏళ్లకు విశ్వవిద్యాలయం నుంచి విరమించిన బెంజమిన్ డగ్గర్‌కు లెడర్లీలో పని దొరికింది. మట్టి నమూనాలు పరీక్షించి డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో డగ్గర్ పేరుతోనే లోకానికి తెలిసింది.

ఇందుకు సుబ్బారావు కుటుంబం చెల్లించిన మూల్యం తక్కువది కాదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన తిరిగి రానేలేదు. అయినా అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. 1948 ఆగస్టులో, 53వ ఏట, అక్కడే కన్నుమూశారు. 1995లో భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ల విడుదల చేసింది.

హార్వర్డులో ఉన్నదీ, లెడర్లీలో ఉన్నదీ ఒకే సుబ్బారావు. మారినది యజమాని మాత్రమే. కింద పనిచేసేవారున్న ప్రతి అధికారీ ఈ సంగతి గుర్తుంచుకోవలసి ఉంది.