డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

పులివెందులలో గర్భిణి మ్రింగు ఫోలిక్ ఆమ్లపు మాత్ర వెనుకను, ప్రొద్దుటూరున గాని జమ్మలమడుగున గాని కీళ్లవాతరోగి మ్రింగు మెథోట్రెక్సేట్ మాత్ర వెనుకను ఒక యాంధ్రుని పరిశ్రమ గలదు. ఆ పేరు మన కడపసీమ బాలు రెందఱెఱుంగుదురు?

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు, గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించిరి. అందులకు ఆంగ్లేయుడగు శస్త్రవైద్యాచార్యుని యాగ్రహమునకు గుఱియై, యెం.బి.బి.యస్. పట్టమునకు మాఱుగా తక్కువదియగు యల్.యం.యస్. పట్టముతోడనే వెలువడవలసి వచ్చెను. స్ప్రూ యను గ్రహణివ్యాధి వారి సోదరులను బలిగొనెను. ఆహార మేల యొంటబట్టదో తెలిసికొనవలెనను పట్టుదల వారిని అమెరికాకు గొనిపోయెను.

హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కేగారితో గూడి 1927లో ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏ.టి.పి.ని కండరములనుండి వెలికిదీసిరి. తిన్న యన్నము ఏ.టి.పి.గా మాఱినగాని కండరము కదలదు. రోగముతో పోరాడు తెల్లకణమును కదలదు. 1940లో లెడర్లీ సంస్థయందు జేరి, వారి నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. దాని పనికి అడ్డుపడు మందులును అచ్చటనే పుట్టినవి. వానిలో నొకదానిచే పిల్లల లుకేమియా తాత్కాలికముగా నుపశమించెనని 1948లో బోస్టను వైద్యుడు ఫార్బరు ప్రకటించెను.

రోగనిరోధకశక్తియు జీవక్రియయు వేఱు కావని ఈ మందులు చాటుచున్నవి. శత్రుక్రిమి ప్రవేశించినతోడనే తెల్లకణములు చక్కెరను విరివిగా వాడుకొని వేగముగా పెంపొందును; ఆ పెంపునకు ఫోలిక్ ఆమ్లము కావలయును. వాని సంకేతములవలననే జ్వరమున ఆకలి చచ్చును, కండ కరగును, మధుమేహికి రక్తమున చక్కెర పెరుగును. దేశమున యుద్ధము వచ్చిన ధాన్యము సైన్యమునకు తరలునట్లే యిదియు. ఆ సైన్యమే దారితప్పి స్వదేశముపై బడిన కీళ్లవాతము కలుగును. దానిని మెథోట్రెక్సేట్ కొంత ఫోలిక్ ఆమ్లమున కడ్డుపడియు, కొంత యితరమార్గములచేతను అణచును. దీనిని వైద్యుని యాజ్ఞమేరకు వారమున కొకమాఱే మ్రింగవలెను. పొరపాటున దినదినము మ్రింగిన ప్రాణాపాయము.

1948 ఆగస్టులో, ఏబదిమూడేండ్ల ప్రాయమున, సుబ్బారావుగారు అమెరికాలోనే స్వర్గస్థులైరి. ఆ దేశపు పౌరసత్వమును వారు స్వీకరింపలేదు. నోబెలు బహుమానము వారిని వరింపలేదు. 1995లో భారతప్రభుత్వము వారి పేర తపాలాబిళ్లను వెలువరించెను. బిళ్ల యొక్కటి చాలదు. మన యుపాధ్యాయులు రక్తమును గుఱించి పాఠము చెప్పునాడు ఆ మహనీయుని చరితమునుగూడ చెప్పుదురుగాక!