కలియుగ భీముడు కోడి రామ్మూర్తి నాయుడు గారు

విశాఖ బీచ్ రోడ్డులో కోడి రామ్మూర్తి గారి విగ్రహం చాలామంది చూసే ఉంటారు. శ్రీకాకుళంలో ఆయన పేరుతో స్టేడియం ఉంది. అయితే ఆయనకు ఈ కోల్‌కతాతో ఉన్న సంబంధం మన వాళ్ళలో కొద్దిమందికే తెలుసు.

రామ్మూర్తి గారు 1882లో వీరఘట్టంలో పుట్టారు. చిన్నప్పుడే తల్లి పోయింది. విజయనగరంలో పినతండ్రి నారాయణస్వామి గారి దగ్గర పెరిగారు. అక్కడే కుస్తీ, దండీలు, బస్కీలు పట్టుబడ్డాయి. మద్రాసులో ఒక సంవత్సరం వ్యాయామ శిక్షణ పొంది వచ్చి, విజయనగరంలో తాను చదివిన బడిలోనే డ్రిల్లు మాస్టారుగా చేరారు. అంటే మన భాషలో ముందు ఆయన పి.టి. ఉస్తాద్, తర్వాతే మల్లయోధుడు.

ఆ తర్వాత సర్కస్ కంపెనీ పెట్టారు. ఒంటికి చుట్టిన ఇనప గొలుసులు తెంచడం, రెండు కార్లను కదలకుండా పట్టి ఆపడం, ఛాతీ మీదికి ఏనుగును ఎక్కించుకోవడం ఆయన ప్రదర్శనలు. లండన్‌లో ఐదో జార్జి చక్రవర్తి దంపతుల మెప్పు పొంది ఇండియన్ హెర్క్యులిస్ అనిపించుకున్నారు. ఇంత బలవంతుడూ శాకాహారి. ప్రాణాయామం ఆయన నిత్య సాధన. బలం రావాలంటే మాంసం, మందు ఉండాలనే మన మెస్సు కబుర్లకు ఇంతకంటే సమాధానం ఏం కావాలి?

ఇక కోల్‌కతా సంగతి. ఇక్కడ భవేంద్ర మోహన్ సాహా అనే కుర్రాడు 14, 15 ఏళ్ళ వయసులో మలేరియా వచ్చి చిక్కి సగమయ్యాడు. తోటివాడి చేతిలో దెబ్బలు తిన్నాక పౌరుషం వచ్చి, దర్జీపాడాలో ఖేతు గుహ గారి అఖాడాలో చేరాడు. కొన్నేళ్ళలో మనిషి మారిపోయాడు. సుమారు 19 ఏళ్ళప్పుడు రామ్మూర్తి గారి సర్కస్ ఈ ఊరు వచ్చింది. ఆ కుర్రాడి దేహం చూసి రామ్మూర్తి గారు తన జట్టులో చేర్చుకున్నారు. ఇంట్లో చెప్పకుండానే వెళ్ళిపోయి, ఆయనతో రంగూన్, సింగపూర్, జావా తిరిగాడు. బెంగాలీలు నేటికీ భీమ్ భవానీ అని చెప్పుకునేది అతణ్ణే. మలేరియాతో మంచం పట్టిన పిల్లవాడు ఏనుగును మోసే వాడయ్యాడు. అఖాడా గురువు మట్టిలోకి దింపాడు, మన తెలుగు మాస్టారు దేశాలు చూపించారు.

ఇందులో మనకేం పని అంటారా? సర్వీసులో బి.పి.ఇ.టి. 5 కిలోమీటర్లు పరిగెత్తిన వాళ్ళమే, పెన్షన్ పేపర్లు చేతికి రాగానే బూట్లు అటక మీద పెట్టేస్తున్నాం. రెండు మూడేళ్ళలో పొట్ట, ఆ వెనకే షుగర్, బి.పి. యుద్ధంలో పోని ప్రాణం కుర్చీలో పోతే ఆ ఇంటి ఆడవాళ్ళకు ఏం జవాబు చెబుతాం? ఇలాంటి వాళ్ళకు ఉపన్యాసం పనికిరాదు. భవానీని కదిలించింది పక్కవాడి దెబ్బ, తర్వాత కళ్ళెదుట కనిపించిన మనిషి. కాబట్టి పక్కింటి బద్ధకస్తుణ్ణి తిట్టకండి, ఉదయం తలుపు తట్టి వెంట తీసుకెళ్ళండి. మైదాన్ ఉంది, రవీంద్ర సరోవర్ ఉంది.

మొదటి వారం నడక చాలు. తర్వాత ఒక దీపస్తంభం నుంచి రెండో దానివరకు మెల్లగా పరుగు, మళ్ళీ నడక. మాట్లాడుతూ పరిగెత్తగలిగితే వేగం సరిపోయినట్టే. యాభై దాటిన వాళ్ళు, షుగర్, బి.పి. ఉన్నవాళ్ళు ముందు డాక్టరు గారికి చూపించుకోవాలి. ఛాతీలో నొప్పి వస్తే వెంటనే ఆగాలి, అక్కడ పట్టుదల పనికిరాదు. వారానికి 150 నిమిషాల చురుకైన నడకయినా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు అరగంట, వారానికి 5 రోజులు. అంతే!

చివరి రోజుల్లో రామ్మూర్తి గారికి కాలి జబ్బు చేసి కాలు తీసేయవలసి వచ్చింది. 1942లో ఒరిస్సాలో కన్నుమూశారు. అంతటి భీముడికీ దేహం శాశ్వతం కాలేదు. కాలు ఉన్నంతకాలం నడవడం మన చేతిలో పని. రేపు ఉదయమే ఒక్కరినైనా వెంటబెట్టుకుని బయల్దేరండి.

జై హింద్.